సలీం అలీ నేర్చిన తొలి విద్య

సలీం అలీ పేరు వినగానే మెడలో దూర్బిణీ, నెత్తిన టోపీ, తెల్లని పొట్టి గడ్డం ఉన్న ఒక బక్కపలుచని పెద్దమనిషి మనకు గుర్తుకొస్తారు. ఆయనను గురించి రాసేవారు సాధారణంగా ఆయన పొందిన బిరుదులను, కాపాడిన అడవులను, రాసిన పుస్తకాలను గురించి రాస్తారు. మేము ఈ వారం వేరే సంగతి ఎత్తుకుంటున్నాం. ఆ గొప్ప జీవితం చచ్చిన పిట్ట తోలు ఒలిచి, దాని కొవ్వు గీకి, లోపల దూది కూరే పనితో మొదలైంది. వినడానికి కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా ఆ పని తెలియకుండా సలీం అలీ అర్థం కారు. అదీగాక, ఆ పని ఆయనకు చేతకాదని ఒక దొర తన డైరీలో రాసుకున్నాడు. ఆ నింద కథ ఆయన పోయిన తరువాత చిత్రమైన మలుపు తిరిగింది. ఆ మలుపు దాకా చెప్పాలని మా ఉద్దేశం.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. వారిది సులేమానీ బోహ్రా కుటుంబం. ఆయనకు ఏడాది వయసులో తండ్రి మొయిజుద్దీన్, మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నిసా కన్నుమూశారు. ఇంటి నిండా ఉన్న ఆ అనాథ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంటికి తెచ్చుకుని పెంచారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టయ్యాక ధరాసన దండును నడిపించిన అబ్బాస్ తయ్యబ్జీ కూడా వీరికి మామ వరసే. మేనమామ అమీరుద్దీన్‌కు వేట అంటే ప్రీతి. పిల్లవాడి చేతికి ఒక ఎయిర్‌గన్ వచ్చింది. ఇక పిచ్చుకలకు కష్టకాలం మొదలైంది.

ఆ రోజుల్లో పిల్లలు కొట్టిన పిచ్చుకలు హలాల్ అయి వంటింటికి చేరేవి. అందులో తప్పేమీ ఎవరికీ తోచేది కాదు. అయితే ఆ కుర్రవాడు కొట్టడంతో సరిపెట్టుకోలేదు, చూసింది రాసిపెట్టుకున్నాడు. గుర్రాలశాల గోడ రంధ్రంలో ఒక ఆడ పిచ్చుక గూడు పెట్టింది. గూటి బయట కాపలా ఉన్న మగపిచ్చుకను సలీం కొట్టాడు. కాసేపటికి మరో మగది వచ్చి ఆ చోట కూర్చుంది. దాన్నీ కొట్టాడు. ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు ఆ కాపలాలో నేలకొరిగాయి. ఆడదానికి ప్రతిసారీ కొత్త జోడు సిద్ధంగా ఉండేది. పదేళ్ల పిల్లవాడి నోటుపుస్తకంలోని ఈ సంగతి దాదాపు 60 ఏళ్ల తరువాత అచ్చయింది. ఈ నోట్సు చదివిన ప్రతిసారీ మాకు రెండు భావాలు కలుగుతాయి. ఎనిమిది పిచ్చుకలను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. లెక్క రాసిపెట్టిన ఆ కంటిని చూస్తే ముచ్చటేస్తుంది.

ఒకరోజు కింద పడిన పిచ్చుక మిగతావాటిలా లేదు. గొంతు మీద పసుపు మరక ఉంది, కూర ఒలికి అంటినట్లు. ఇది మామూలు పిచ్చుకేనా, దీన్ని తినవచ్చునా అని సందేహం కలిగి మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. అయితే ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ దొర పేర ఒక చీటీ రాసిచ్చి, పిట్టతో సహా పిల్లవాడిని పంపాడు. ఇది 1908 నాటి మాట. తెల్లదొరను ఒంటరిగా కలవడమంటే ఆ కాలపు పిల్లవాడికి గుండె దడదడలాడే సంగతే.

మిల్లార్డ్ విసుక్కోలేదు. అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పి ఊరుకోనూ లేదు. బీరువా తెరిచి సొరుగు తరువాత సొరుగు లాగి, భద్రపరచిన పిచ్చుకలను వరసగా చూపించాడు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు చీటీలు కట్టి, ఈక చెదరకుండా ఉన్న వందల పిట్టలు! ఒకే దేశంలో ఇన్ని రకాల పిచ్చుకలు ఉంటాయని ఆ పిల్లవాడు కలలోనైనా అనుకోలేదు. మిల్లార్డ్ చదువుకోవడానికి పుస్తకాలిచ్చాడు. పిట్టలను సేకరించు, తోలు ఒలిచి నిలవచేసే విద్య నేర్పిస్తాం అని మాట ఇచ్చాడు. తరువాత సొసైటీ తొలి వేతన క్యూరేటర్ నార్మన్ బాయిడ్ కిన్నియర్‌కు పరిచయం చేశాడు. కిన్నియర్ తదుపరి కాలంలో బ్రిటిష్ మ్యూజియంలో పెద్ద పదవికి వెళ్లి, అక్కడి నుంచి కూడా సలీంకు అండగా నిలిచాడు.

ఇంతకీ ఆ విద్య ఏమిటి? మన ఇళ్లలో కోడిని కోసి, తోలు తీసి శుభ్రం చేయడం అందరికీ తెలిసిందే. అక్కడ మనకు కావలసింది మాంసం, పారేసేది తోలు. ఇక్కడ అంతా తలకిందులు. మాంసం పారేయాలి, తోలు కావాలి. అదీ ఒక్క ఈక ఊడకుండా, ఒక్క రక్తపు చుక్క అంటకుండా. రొమ్ము ఎముక కింది నుంచి తోక మొదలు దాకా చిన్న కత్తితో చర్మం మాత్రమే తెగేలా గాటు పెడతారు. కత్తి కాస్త లోతుకు దిగితే పేగు తెగి ఈకలన్నీ ఖరాబవుతాయి. గాటు తెరవగానే రంపపు పొట్టో మొక్కజొన్న పిండో చల్లుతారు. అది తడిని, రక్తాన్ని, నూనెను పీల్చుకుంటుంది. మోకాళ్ల దగ్గర కాళ్లను లోపలి నుంచే కత్తిరించి, తోక ఈకలు తోలుతోనే ఉండేలా తోక మొదలు కోసి, మేజోడు తిరగేసినట్లు చర్మాన్ని తల వైపు తిరగేస్తూ పోవాలి. రెక్కల ఎముకలు భుజం దగ్గర విడదీయాలి. మెడ దాటి పుర్రె మీదుగా ముక్కు మొదలు దాకా తోలు తిరగబడుతుంది. చెవుల దగ్గరి పలుచని పొర, కనురెప్పల అంచులు చిరగకుండా తీయడంలోనే పనివాడి నేర్పు తెలుస్తుంది. కళ్లు, మెదడు తీసేసి, కాళ్ల ఎముకలకు రెక్కల ఎముకలకు అంటిన కండ గీకేస్తారు. బాతుల తల పెద్దది, మెడ సన్నం, కాబట్టి మెడ వెనుక వేరుగా గాటు పెట్టక తప్పదు.

ఇక్కడి నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. అది కొవ్వు. పిచ్చుక వంటి పిట్టకు కొవ్వు తక్కువ, పని సులువు. బాతులు, సముద్రపు పక్షులు, దూరదేశాలకు ఎగిరిపోవడానికి సిద్ధమవుతున్న వలస పిట్టలు అలా కాదు. చలికాలానికి మన చెరువులకు వచ్చి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి తిరిగి వెళ్లే పిట్టలు ప్రయాణానికి ముందు కొవ్వు పట్టిస్తాయి. కొన్ని జాతులైతే ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. ఆ కొవ్వు చర్మం లోపలి వైపు ఈకల మొదళ్ల వరసల నడుమ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని మొద్దు కత్తితో ఓపికగా గీకాలి. గట్టిగా గీకితే తోలు చిరుగుతుంది, ఈకలు ఊడతాయి. మెల్లగా గీకితే కొవ్వు మిగిలిపోతుంది. గీకగా మిగిలిన జిడ్డును పెట్రోలు వంటి ద్రవంలో ముంచి వదిలించేవారు. తరువాత రంపపు పొట్టులోనో, ప్లాస్టర్ పొడిలోనో పొర్లించి, దులిపి, ఊది, ఈకలు మళ్లీ పూవులా విచ్చుకునేదాకా ఆరబెట్టేవారు. నెత్తుటి మరకలకు చన్నీళ్లే వాడాలి, వేణ్నీళ్లు తగిలితే మరక గట్టిపడి ఇక వదలదు. ఇల్లాళ్లకు ఈ సంగతి మేము చెప్పనవసరం లేదు.

కొవ్వు మిగిలిపోతే ఏమవుతుంది? ఆ రోజుకు ఏమీ కాదు, అందుకే బద్ధకస్తుడు వదిలేస్తాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొవ్వు గాలి తగిలి ఆమ్లంగా మారి చర్మాన్ని లోలోపలే కాలుస్తుంది. తెల్లని రొమ్ము ఈకలు పచ్చబడతాయి. కుట్ల వెంబడి నూనె ఊరి కాలికి కట్టిన చీటీని తడుపుతుంది, రాత చెరుగుతుంది. చివరకు తోలు ఎండుటాకులా పెళుసెక్కి, చేతిలోకి తీసుకోగానే తల ఊడి వస్తుంది. పనివాడు చేసిన నిర్లక్ష్యం అతడు పోయిన తరువాత, 50 ఏళ్లకో 100 ఏళ్లకో బయటపడుతుందన్న మాట.

శుభ్రమైన తోలు లోపలి వైపు పురుగు పట్టకుండా ఆ కాలంలో ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. ఆర్సెనిక్ అంటే పాషాణమే. పాత మ్యూజియం పిట్టలను ఈనాటికీ జాగ్రత్తగా ముట్టుకోమని చెప్పేది అందుకే. కంటి గుంటల్లో దూది పెట్టి, పుల్లకు దూది చుట్టి పిట్ట ఒడ్డూ పొడవుకు సరిపోయే బొమ్మ ఒళ్లు తయారుచేసి, తోలు మళ్లీ తిరగేసి తొడిగి, గాటు కుట్టేస్తారు. రెక్కలు దగ్గరకు సర్ది, కాళ్లు అడ్డంగా కట్టి, కాలికి చీటీ కడతారు. ఏ ఊరు, ఏ తేదీ, ఆడా మగా, ఎవరు సేకరించారు అనే వివరాలు ఆ చీటీలో ఉండాలి. చాలా జాతుల్లో ఆడా మగా ఈకలను బట్టి తెలియదు, కడుపు లోపల చూసి చెప్పాలి. కంటి రంగు, కాళ్ల రంగు, ముక్కు రంగు ఎండితే మారిపోతాయి కనుక అప్పటికప్పుడే రాయాలి. చీటీ లేని పిట్ట ఎంత చక్కగా ఒలిచినా బొమ్మే. తప్పు చీటీ ఉన్న పిట్ట అంతకన్నా ప్రమాదం, అది అబద్ధపు సాక్షి.

ఈ విద్య మొదలుపెట్టిన పిల్లవాడి చదువు మాత్రం సవ్యంగా సాగలేదు. పదమూడో ఏట నుంచి తలనొప్పి వేధించింది. గాలిమార్పు కోసం సింధ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. 1913లో అతికష్టం మీద మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. కాలేజీలో చేరి వదిలేసి, బర్మాలోని తవాయ్‌కి వెళ్లి కుటుంబం వారి గనుల, కలప వ్యాపారం చూసుకున్నారు. అడవిలోకి వెళ్లినవాడు పిట్టలను చూశాడు గాని లెక్కలు చూడలేదని వేరే చెప్పాలా? 1917లో తిరిగివచ్చి వాణిజ్య చట్టం, జమాఖర్చులు చదువుతుండగా, సెయింట్ జేవియర్స్ కాలేజీలోని ఫాదర్ ఎథెల్‌బర్ట్ బ్లాటర్ ఆయన మనసు కనిపెట్టి జంతుశాస్త్రం వైపు మళ్లించారు. 1918 డిసెంబర్‌లో తహ్‌మీనా బేగంతో నికాహ్ జరిగింది. ఆ ఇల్లాలే తరువాత ఆయన ప్రతి క్యాంపుకూ ప్రాణమయ్యారు.

పట్టా లేనందున జువలాజికల్ సర్వేలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతంతో చేరారు. రెండేళ్లకు దాని మీద విసుగు పుట్టింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో ప్రొఫెసర్ ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర శిష్యుడయ్యారు. అక్కడ ఆయన ముందుకు వచ్చిన పనిలో బర్మాలో జె.కె. స్టాన్‌ఫర్డ్ సేకరించిన పక్షి తోళ్ల పరిశీలన ఒకటి. బర్మా పిట్టలను ఒక భారతీయుడు, అదీ జర్మనీలో కూర్చుని పరిశీలించడం ఇంగ్లండులోని పక్షి పండితుడు క్లాడ్ టైస్‌హర్స్ట్‌కు కంటగింపయింది. స్ట్రెసెమాన్‌కు అలాంటి పట్టింపులేవీ లేవు. ఆయననే సలీం అలీ చివరిదాకా తన గురువుగా చెప్పుకున్నారు.

1930లో తిరిగివచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తేశారు. బొంబాయి అద్దెలు భరించలేక భార్యాభర్తలు సముద్రపు ఒడ్డున కిహీం అనే పల్లెకు మారారు. అక్కడ గిజిగాళ్లు గూళ్లు అల్లుకుంటున్నాయి. సలీం అలీ తుపాకీ పక్కన పెట్టి నెలల తరబడి వాటిని చూస్తూ కూర్చున్నారు. మగ గిజిగాడు సగం గూడు అల్లి ఆడదాన్ని పిలుస్తాడు. ఆమెకు నచ్చి కాపురం పెట్టగానే గూడు పూర్తిచేసి, పక్కన మరో గూడు మొదలుపెట్టి ఇంకొకదాన్ని పిలుస్తాడు. ఈ సంగతిని తొలిసారి సవ్యంగా తేల్చింది కిహీంలో ఉద్యోగం లేక కూర్చున్న ఆ మనిషే. చచ్చిన పిట్ట చెప్పలేనిది బతికిన పిట్ట చెబుతుందని ఆయనకు అక్కడ బాగా తెలిసివచ్చింది. పేర్ల తగాదాల కన్నా పిట్ట బతికే తీరే తనకు ముఖ్యమని తరువాత మిత్రులకు ఉత్తరాల్లో రాసేవారు.

అయినా తోళ్ల అవసరం తీరలేదు. ఏ సంస్థానంలో ఏ పిట్టలున్నాయో అప్పటికి సరైన జాబితాలే లేవు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కరలేదు, సర్వే చేసిపెడతాను అని సలీం అలీ ముందుకొచ్చారు. ఆయన చేసిన సంస్థాన సర్వేలలో మొదటి వరసలో ఉన్నది మన హైదరాబాద్. 1931-32లో నిజాం రాజ్యంలో ఎడ్లబండ్ల మీద సామాను వేసుకుని తిరిగారు. తహ్‌మీనా బేగం వెంట ఉన్నారు. నల్లమలలోని మన్ననూరు, ఫరాబాద్ అడవుల్లో వారి డేరాలు పడ్డాయి. మన ఎండల సంగతి మనకు తెలుసు. పొద్దున కొట్టిన పిట్టను సాయంత్రం దాకా ఉంచితే పొట్ట మీది ఈకలు ఊడి వస్తాయి. కాబట్టి ఏ రోజు పిట్టలు ఆ రోజే ఒలవాలి. ఇలాంటి సర్వేల్లో తోళ్లు ఒలవడానికి వేరే పనివాడిని వెంట తీసుకుపోవడం ఆనవాయితీ. సర్వే నాయకుడు నడిచి, చూసి, కొట్టి, రాస్తాడు. పనివాడు డేరా కింద కూర్చుని ఒలుస్తాడు. ఆ పనివాళ్ల పేర్లు పుస్తకాల అట్టల మీదికి ఎక్కకపోవడం మాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది. హైదరాబాద్ సర్వే ఫలితాలు 1933, 1934 సంవత్సరాల్లో సొసైటీ పత్రికలో వరసగా వెలువడ్డాయి.

ఆ తోళ్లను పరిశీలించి వివరాలు రాసింది ఇంగ్లండులోని హ్యూ విస్లర్. ఈయనతో స్నేహం గొడవతోనే మొదలైంది. తోక చివర రెండు పొడవాటి ఈకలు, వాటి కొసన బంతుల్లా కుచ్చులు ఉండే భీమరాజు పిట్టను మన అడవుల్లో చూసినవారు ఉంటారు. ఆ కుచ్చుకు ఈనె లోపలి వైపు ఈక ఉండదని విస్లర్ 1929లో రాశాడు. అది పాత పుస్తకాల నుంచి వస్తున్న పొరపాటు, అక్కడ ఈనె మెలి తిరిగి ఉండటం వల్ల అలా కనిపిస్తుంది అని సలీం అలీ పత్రికకు రాశారు. పేరులేని ఒక భారతీయుడు తనను దిద్దడమా అని విస్లర్ మండిపడి సంపాదకులకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. కోపం చల్లారాక తన సొరుగులోని పిట్టలను తీసి మళ్లీ చూశాడు. ఈనె మెలి తిరిగే ఉంది! తప్పు ఒప్పుకుని, ప్రాణమిత్రుడయ్యాడు. సొరుగులో పిట్ట లేకపోతే ఈ తగాదా ఎలా తీరేది? ఇద్దరూ మాట మీద మాట అనుకుంటూ ఉండేవారు.

ఇక్కడ మా పాఠకులు ఒక ప్రశ్న అడుగుతారు. ఆకలి తీర్చుకోవడానికి తప్ప ప్రాణి ఉసురు తీయవద్దని మన పెద్దలు నేర్పారు కదా, ఇన్ని పిట్టలను చంపిన మనిషిని పక్షుల పెన్నిధి అని ఎలా పొగుడుతాం అని. సలీం అలీ ఈ ప్రశ్నను దాటవేయలేదు. సరదాకు చంపడాన్ని ఆయన గట్టిగా ఖండించారు. పరిశీలన కోసం, లెక్క ప్రకారం సేకరించడాన్ని మాత్రం సమర్థించారు. ఒక ప్రాంతంలో ఫలానా పిట్ట ఉందని రుజువు లేనిదే దాన్ని కాపాడమని సర్కారును అడగలేమని ఆయన వాదన. దూర్బిణీలు, కెమెరాలు నానాటికీ మెరుగవుతున్న కొద్దీ ఈ సేకరణ అవసరం తగ్గింది, తగ్గాలి కూడా. అయితే ఒక మాట మాకు న్యాయంగా తోస్తుంది. ప్రాణం తీసిన తరువాత తోలు సరిగా శుభ్రం చేయకపోవడం, చీటీ సరిగా రాయకపోవడం ఆ ప్రాణానికి రెండోసారి చేసే అన్యాయం.

1937లో కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే ఇంగ్లిష్ సైనికాధికారితో కలిసి సలీం అలీ అఫ్ఘానిస్తాన్‌కు పక్షుల సేకరణకు వెళ్లారు. ఆ కల్నల్ పెద్ద పేరున్న పక్షి పండితుడు, పెద్ద కోపిష్టి, సామ్రాజ్య గర్వం నిండినవాడు. సలీం అలీ స్వరాజ్యం మాట ఎత్తితే ఆయనకు గిట్టేది కాదు. ఆ రాత్రుల్లో కల్నల్ డైరీ రాసుకున్నాడు. సలీం వల్ల పిట్టలు సేకరించడం తప్ప మరే ఉపయోగమూ లేదనీ, తోలు ఒలవడం, వంట చేయడం, సామాను కట్టడం వంటి క్యాంపు పనులేవీ చేతకావనీ, ఎప్పుడూ ఏవో నోట్సు రాసుకుంటూ కూర్చుంటాడనీ దాని సారాంశం. మిల్లార్డ్ సొరుగుల ముందు నిలబడిన నాటి నుంచి ఆ విద్యలోనే పెరిగిన మనిషికి ఇది ఎంతటి అవమానం! సలీం అలీ కోపగించుకోలేదు. 1985లో వెలువడిన తన ఆత్మకథలో ఆ డైరీ మాటలను తానే అచ్చువేయించారు. మాకు తెలిసి తన మీద వచ్చిన నిందను ఇంత నవ్వుతూ పంచిపెట్టినవారు తక్కువ.

అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన రెండేళ్లకు, 1939లో, ఒక చిన్న ఆపరేషన్ తరువాత తహ్‌మీనా బేగం కన్నుమూశారు. వారికి పిల్లలు లేరు. అడవిలో పొయ్యి రాజేసి, డేరాను ఇల్లుగా మార్చి, భర్త రాసే ఇంగ్లిషును సానపట్టిన ఆమె లేని లోటు ఆయన దేనితోనూ పూడ్చుకోలేకపోయారు. అక్క కమ్మూ, బావ హసన్ అలీల ఇంట్లో చేరి, పనిలో మునిగిపోయారు. 1941లో భారతదేశపు పక్షులపై పుస్తకం వచ్చింది. ఇంటింటా పిల్లలకు పిట్టల పేర్లు నేర్పిన పుస్తకం అది. స్వాతంత్ర్యం తరువాత సొసైటీ డబ్బులేక మూతపడే స్థితికి వస్తే నెహ్రూకు రాసి సాయం తెచ్చి నిలబెట్టారు. సొసైటీతో పాటు అందులోని వేల తోళ్ల సొరుగులూ దక్కాయి. అమెరికన్ మిత్రుడు డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 దాకా వెలువడింది. ఆ సంపుటాల్లోని కొలతలు, రంగులు, ఆడా మగా తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ సొరుగుల్లోంచే.

పద్మభూషణ్ 1958లో, పద్మవిభూషణ్ 1976లో అందాయి. అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలతో పాటు మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా 1978లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టా లేదని ఉద్యోగం దక్కని మనిషికి మూడు డాక్టరేట్లు! పాల్ గెట్టీ బహుమతిగా వచ్చిన సొమ్మును ప్రకృతి సంరక్షణ నిధికే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మోటారు సైకిళ్ల మీద మాత్రం మోజు చావలేదు. 1950లో స్వీడన్‌లో పక్షిశాస్త్రవేత్తల మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో యూరప్‌కు తీసుకుపోయి, దాని మీదనే వెళ్లారు.

ఆయన చివరి రోజుల్లో సంతోషపెట్టిన కబురు మన కడప జిల్లా నుంచే వెళ్లింది. కలివికోడి అనే రాత్రిపూట తిరిగే పిట్ట 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందని చాలామంది నిర్ధారించుకున్నారు. 1986 జనవరిలో సొసైటీ పరిశోధకుడు స్థానిక పిట్టలవాళ్ల సాయంతో రెడ్డిపల్లి దగ్గరి చిట్టడవిలో దాన్ని కనుగొన్నాడు. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న, ఆయన బొంబాయిలో పరమపదించారు.

ఇక కల్నల్ సంగతి. ఆయన 1967లోనే పోయాడు. పోయేనాటికి ఆయన పక్షి తోళ్ల సేకరణ, సుమారు 20,000, బ్రిటిష్ మ్యూజియంలో గొప్ప నిధిగా ఉంది. 1990ల్లో దాన్ని పరిశీలించినవారికి అనుమానాలు మొదలయ్యాయి. అమెరికన్ పరిశోధకురాలు పమేలా రాస్ముసెన్, మ్యూజియం ఉద్యోగి రాబర్ట్ ప్రిస్-జోన్స్ ఆ తోళ్లను ఎక్స్‌రే తీసి, కుట్లు, దూది, ఎముకలు కోసిన తీరు పరీక్షించారు. ఇల్లాలి చేతి కుట్టు ఆమె పిల్లలు గుర్తుపట్టినట్లే, పిట్ట తోలు ఒలిచిన చేతిని కూడా గుర్తుపట్టవచ్చు. ఎక్కడ కోస్తాడు, ఎముకలు ఎంత ఉంచుతాడు, కొవ్వు ఎలా తీస్తాడు, ఏ దూది కూరుతాడు అన్నది ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ఆ పరీక్షలో తేలింది ఏమంటే, కల్నల్ ఇతరులు సేకరించిన పిట్టలను మ్యూజియంల నుంచి కాజేసి, పాత చీటీలు తీసేసి, తాను ఫలానా ఊళ్లో ఫలానా తేదీన కొట్టానని కొత్త చీటీలు కట్టాడు.

మన దేశపు అడవి గుడ్లగూబ ఒకటి ఈ మోసానికి బలైంది. అది 1914లో గుజరాత్‌లో తనకు దొరికిందని కల్నల్ చెప్పుకున్నాడు. నిజానికి ఆ తోలు 1880లలో ఖాందేశ్‌లో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి సేకరించినది. విప్పి మళ్లీ కూరినా, డేవిడ్‌సన్ చేతిపని ఆనవాళ్లు లోపల మిగిలే ఉన్నాయి. సలీం అలీ కాలంలో జరిగిన గాలింపుల్లో ఆ గుడ్లగూబ దొరకలేదు. రాస్ముసెన్ బృందం తప్పుడు చీటీని పక్కన పెట్టి, నిజమైన చీటీలు చెప్పిన ఊళ్లనే పట్టుకుని వెతికింది. 1997 నవంబర్‌లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర అడవిలో ఆ గుడ్లగూబ సజీవంగా కనిపించింది.

2009లో అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో ఒక పిట్ట పాట విన్న పరిశోధకులకు అది అప్పటిదాకా తెలిసిన జాతిది కాదనిపించింది. స్వీడన్‌కు చెందిన పెర్ ఆల్‌స్ట్రోమ్ బృందం అనేక దేశాల మ్యూజియంలలోని పాత తోళ్లను సొరుగుల నుంచి తీసి కొలిచింది, పోల్చింది, కొన్నిటి డీఎన్‌ఏ చూసింది. ఆ కొత్త జాతి వందేళ్లకు పైగా వేరే పేరుతో ఆ సొరుగుల్లోనే పడి ఉందని తేలింది. 2016లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు: జూథెరా సలీమలీ. పేరు పెట్టినవారిలో పమేలా రాస్ముసెన్ కూడా ఉన్నారు.